రైతును అడిగినవారెవరు?

(శతవార్షికోత్సవముల సందర్భమున జరిగిన రైతుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశము "వ్యవసాయ పరిశోధనలోను, విస్తరణ కార్యక్రమములలోను రైతుల పాత్ర". కాగితముమీద చాల బరువైన అంశము. నేను వేదాంత కళాశాలలో చదివినవాడనే గాని వ్యవసాయ కళాశాలలో చదివినవాడను కాను. ఈ విషయమును గూర్చి నాకు తెలిసిన కొంచెము ఒక కందిచేనులో చేసిన తప్పువలన తెలిసినది. గనుక ఆ తప్పుతోనే మొదలుపెట్టుచున్నాను.

కొన్నేండ్ల క్రిందట నేను ఎర్రనేలలున్న ఒక పాస్టరేటులో పనిచేయుచుండగా, ఒక కార్యక్రమము క్రింద కంది మినీకిట్లు వచ్చినవి. ఆశ అనే రకము. ఇది పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వారు తీసినది, 1990ల మొదట్లో విడుదలైనది. మంచి రకమే. ఎండు తెగులును, వెర్రి తెగులును తట్టుకొంటుంది. సంచులు పంచుటకు గుడి ఆవరణకంటె అనుకూలమైన చోటు లేదని వారనుకొన్నారు, నేను కూడ సంతోషించినాను. ఆదివారము ప్రకటనలలో చెప్పినాను. అయ్యగారు చెప్పినారు గనుక మనవారు పెట్టినారు.

వారిలో ఒక అవ్వ ఉన్నది. భర్త లేడు. ఉన్నది అర ఎకరము చెలక. ఏటేటా జొన్నచేనులో నడుమ సాళ్ళు వదిలి తన సొంత కంది వేసుకొనేది. ఆ ఏడు తన విత్తనమును కుండలోనే ఉంచి, నేనిచ్చిన సంచి విప్పి, చేనంతా అదే పెట్టినది. చేను ఏపుగా పెరిగినది. గట్టుమీద బోర్డు పాతినారు, ఫొటోలు తీసినారు. ఆ ఫొటోలో నేనును ఉన్నాను.

దసరాకు ముందే వానలు వెనుకపట్టినవి. ఆశ 170, 180 దినముల పంట. అది పూతకు వచ్చేవేళకు చెలకలో తడి లేదు. పూత పూతగానే రాలిపోయినది. అదే ఊరిలో నల్లరేగడిలో పెట్టినవారికి బాగుగానే పండినది. అవ్వను ఓదార్చవలెనని ఆమె ఇంటికి పోయి కూర్చున్నాను. ఆమెయే నన్ను ఓదార్చినది. కొంతసేపటికి, "దీపావళి దాటినంక ఆ చెలకల తడి ఉండదు అయ్యగారూ. ఇది ఆలస్యం పంటని నాకు ముందుగాల్నే అనుమానం కొట్టింది" అన్నది. ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగినాను.

"మీరు చెప్పిండ్రు గని, అడగలె గద" అన్నది.

ఆ సంవత్సరము ఆమె పప్పు కొనుక్కొని తిన్నది. కోత పండుగకు ప్రతి ఏడు చేటనిండ కందులు తెచ్చే మనిషి ఆ ఏడు నాలుగు కోడిగ్రుడ్లు తెచ్చినది. వేలములో ఆ గ్రుడ్లు నేనే పాడుకొన్నాను. అప్పుడు నాకది పెద్ద ఉపకారముగా తోచినది గాని, తలంచుకొంటే ఇప్పుడు సిగ్గు వేస్తుంది.

యెషయా గ్రంథము 28వ అధ్యాయము చివర ఒక రైతు కనబడుతాడు. ఆ భాగము మీద ప్రసంగములు తక్కువ. దున్నేవాడు ఎల్లకాలము దున్నుతూనే ఉండడు, నేల చదును చేసిన తరువాత ఏ గింజను ఎక్కడ చల్లవలెనో, దేనిని సాళ్ళలో పెట్టవలెనో, దేనిని చేని అంచున పెట్టవలెనో వానికి తెలుసు. జీలకర్రమీదికి బండిచక్రము తోలడు, కర్రతో కొట్టి రాల్చుకొంటాడు. ఈ తెలివి వానికి దేవుడే నేర్పినాడని ప్రవక్త చెప్పుచున్నాడు. గమనించండి, ఇక్కడ ప్రవక్త రైతుకు పాఠము చెప్పుట లేదు. రైతు చేసేదానిని చూచి యెరూషలేములోని నాయకులకు పాఠము చెప్పుచున్నాడు.

మన దేశములో విస్తరణ చాలకాలము కాలువవలె నడిచినది. పైన పరిశోధన కేంద్రము, నడుమ అధికారి, క్రింద రైతు. నీరు పైనుండి క్రిందికే. 1970లలో ప్రపంచ బ్యాంకు సహాయముతో వచ్చిన శిక్షణ–సందర్శన పద్ధతి దీనికి చక్కని ఉదాహరణ. గ్రామ స్థాయి ఉద్యోగి పదునైదు దినములకొకసారి, ఏర్పరచిన దినమున ఊరికి వచ్చి, ఎంపిక చేసిన రైతుకు ఆ పక్షములో చేయవలసిన పని చెప్పవలెను. అతడు తక్కినవారికి చెప్పవలెను. అందులో మంచి లేకపోలేదు. చెప్పిన దినమున మనిషి వచ్చేవాడు, అది చిన్న సంగతి కాదు. అయితే ఎంపికైన రైతు తరచుగా బాటకు దగ్గర భూమి, బావి ఉన్నవాడు. ఊరి చివరనున్న మన వాడలకు ఆ మాట చేరేసరికి పని దాటిపోయేది. మన వాడలనుండి పైకి వెళ్ళవలసిన మాటకైతే దారే లేదు.

శాస్త్రజ్ఞులను తప్పుపట్టుటకు నేను రాలేదు. మారుటేరునుండి 1982లో వచ్చిన స్వర్ణ, బాపట్లనుండి 1986లో వచ్చిన సాంబ మసూరి ఎన్ని లక్షల ఇండ్లలో అన్నమైనవో మీకు తెలుసు. కాలువక్రింది పొలములు ఒకదానికొకటి చాలవరకు పోలియుంటవి గనుక ఒకే విత్తనము, ఒకే మాట వేల ఎకరములకు సరిపోయినది. మన మెట్టలు అట్లు కాదు. ఒకే సర్వే నంబరులో ఒక మూల చెలక, ఒక మూల దుబ్బ, వాగు దగ్గర రేగడి. వాన ఈ చేనిమీద పడి ఆ చేనిమీద పడదు. అటువంటి చోట పై నుండి వచ్చే ఒక్క మాట ఎందరికి సరిపోతుంది? అక్కడ పరిశోధన చేను గట్టుమీదనుండే మొదలుకావలెను. ఆ గట్టుమీద రోజూ ఉండేది రైతే.

ఇట్లు మొదలైన పని నా చిన్నతనములో ఒకటి చూచినాను.

ఎర్ర గొంగళి పురుగు అనగానే ఆముదము పండించేవారికి ఇప్పటికి ఒళ్ళు జలదరిస్తుంది. తొలకరి గట్టిగా పడిన కొద్ది దినములలోనే రాత్రిపూట భూమిలోనుండి రెక్కల పురుగులు లేచి వస్తవి. గ్రుడ్లు కుప్పలు కుప్పలుగా పెడుతవి. పిల్ల పురుగులు పెద్దవై, ఒళ్ళంతా నూగుతో, ఒక చేను తిని దండువలె మరొక చేనికి నడుస్తవి. తరువాత భూమిలో దిగి మరుసటి తొలకరి వరకు నిద్రపోతవి. నూగు వచ్చిన తరువాత పొడి మందు ఎంత చల్లినను పెద్దగా ఫలితముండదు. మందు కొన్నవానికి అప్పు మిగులును, పురుగు ప్రక్క చేనికి పోవును.

1980ల చివర తెలంగాణ మెట్ట గ్రామములలో కొన్ని స్వచ్ఛంద సంస్థలు, కొందరు శాస్త్రజ్ఞులు, రైతులు కలిసి దీనిమీద పనిచేసినారు. శాస్త్రజ్ఞునికి పురుగు జీవితచక్రము తెలుసు. రైతుకు అది ఏ వాన తరువాత లేస్తుందో, ఏ దిక్కునుండి వస్తుందో, జిల్లేడు, అడవి ఆముదము ఆకులకు ఎట్లు ఎగబడుతుందో తెలుసు. రెండును కలిసినవి. తొలకరి తరువాతి రాత్రులలో చేలలో మంటలు వేసి రెక్కల పురుగును చంపుట, చేని చుట్టు చాలు త్రవ్వుట, జిల్లేడు రొట్ట పరచి దానిక్రింద చేరిన పురుగును ఏరివేయుట, ఇవే పనులు. పైసా ఖర్చు లేదు. అయితే ఒక కష్టమున్నది. ఒక్కడు మంట వేస్తే చుట్టుప్రక్కల పురుగంతా వాని చేనికే వస్తుంది. ఊరంతా ఒకే రాత్రి వేయవలెను.

నాకప్పటికి తొమ్మిది పదేండ్లు. మా ఊరిలో వాన వెలిసిన మరునాటి సాయంత్రము గుడి గంట కొట్టినారు. ఆరాధనకు కాదు, మంటలకు. పాత సైకిలు టైర్లు, పత్తికట్టె మోసికొని పిల్లలమంతా పరుగెత్తినాము. ఊరిలోని పెద్ద రైతులు, మన వాడవారు ఒకరి మంటలోనుండి ఒకరు కొరవి అందుకొన్నారు. మామూలు దినములలో మంచినీళ్ళు అందుకోని మనుషులు. అది ఆ రాత్రికి మాత్రమే జరిగినది, మరునాడు మరల ఎప్పటివలెనే. అయినను నేను మరువలేదు.

మన సంఘములకు ఈ పని క్రొత్తది కాదని కూడ చెప్పవలెను. సామ్ హిగ్గిన్‌బాటమ్ అనే మిషనరీ 1903లో ఈ దేశమునకు వచ్చి అలహాబాదులో ఆర్థికశాస్త్రము బోధించుచుండెను. బోధకునిగా పేదరికమును గూర్చి చెప్పుచున్న తనకు దుక్కి తెలియదని గ్రహించి, అమెరికాకు తిరిగి వెళ్ళి వ్యవసాయము చదివి వచ్చినాడు. 1910లో ఆయన స్థాపించినదే అలహాబాదు వ్యవసాయ విద్యాసంస్థ. అక్కడ మేసన్ వా అనే ఇంజనీరు పరదేశపు బరువు నాగళ్ళు మన చిన్న ఎడ్లకు పనికిరావని చూచి, తేలికైన ఇనుప నాగళ్ళు తయారుచేసినాడు. వాటికి 'షాబాష్', 'వాహ్ వాహ్' అని పేర్లు. ఆ పేర్లు పెట్టినవారెవరో గాని, ఎద్దులు పెట్టవలసిన పేర్లు అవి!

మరల కందికి వస్తాను. పటాన్‌చెరులోనే 1990ల ఆరంభములో కొందరు శాస్త్రజ్ఞులు ఒక మంచి పని చేసినారు. కాయతొలుచు పురుగును తట్టుకొనే కంది రకములను తెలంగాణ గ్రామములలోని స్త్రీలకిచ్చి, మీరే పండించి, మీరే మార్కులు వేయండని చెప్పినారు. శాస్త్రజ్ఞుని లెక్కలో దిగుబడి, పురుగు ముఖ్యము. స్త్రీలు గింజలతో లెక్కలు పెట్టి చూపిన పట్టీ దానికంటె పొడవు. పప్పు రుచి ఎట్లున్నది, నిలువ ఉంటుందా, ఆకు పశువు తింటుందా, కట్టె పొయ్యికి పనికివస్తుందా, అంగడిలో ధర వస్తుందా. ఎకరాకు ఎన్ని క్వింటాళ్ళని మాత్రమే అడిగినవానికి ఈ సంగతులు ఎన్నటికి తెలియవు. ఇంటిలో కంది ఒక పంట కాదు, కూర, వంటచెరకు, మేత, చేతిఖర్చు అన్నీ అదే.

ఈ సంగతి నేను అవ్వ చేను ఎండిన తరువాత చదివినాను. చదివి ఊరుకొనలేకపోయినాను. మరుసటి ఏడు ఆ సంచులు తెచ్చిన అధికారినే పిలిచి, జరిగినదంతా చెప్పినాను. ఆయన మంచివాడు, నొచ్చుకొనలేదు. గుడి వెనుకనున్న చెలకలో మూడు చెక్కలు వేసినాము. ఒకటి అవ్వ కంది, ఒకటి ఆశ, మూడవది మారుతి అనే రకము. మారుతి కూడ ఇక్రిశాట్ వారిదే, ఎండు తెగులును తట్టుకొనేది, ఆశకంటె కొంత ముందు కోతకు వచ్చేది. ఏ రకము, ఏ దూరములో, ఏ దినమున పెట్టవలెనో అవ్వయు, మరి నలుగురు స్త్రీలును నిర్ణయించినారు. అధికారి వ్రాసుకొన్నాడు. నేను చెప్పుల జత గట్టుమీద విడిచి కూర్చున్నాను. పాస్టరు చేయగల పని అందులో అంతకంటె లేదు.

అవ్వ కందియే గెలిచినదని చెప్తే మీకు బాగుండును, నాకును బాగుండును. అది నిజము కాదు. అవ్వ కంది సగము మొక్కలు ఎండు తెగులుకు చచ్చినవి. ఎన్నో ఏండ్లుగా ఆమె చేనులో అట్లే చచ్చుచుండెనట, అది కందికి సహజమనుకొన్నది. ఆశ ఆ చెలకలో మరల పూత రాల్చినది. మారుతి నిలిచినది. కాయ తెంపేనాడు అవ్వ మారుతి చెక్కలో నిలువబడి చాలసేపు మాటాడలేదు. తరువాత అధికారితో, "బిడ్డా, ఇది నేను పెడత. గని నా కంది పారెయ్య. దాని పప్పు ఒక్క ఉడుకుకే మెత్తపడతది, దీనికి కట్టెలు ఎక్కువ కావాలె" అన్నది. ఆ మాట ఆయన తన పుస్తకములో వ్రాసుకొన్నాడు. ఆ సంవత్సరము నేను విన్న ప్రసంగములన్నిటిలో నాకు గుర్తున్నది అదొక్కటే.

రైతుకు అన్నీ తెలుసునని నేను చెప్పను. ఎండు తెగులు నేలలోని బూజువలన వస్తుందని అవ్వకు తెలియదు. ఆ చెలకలో తడి ఎన్నాళ్ళుంటుందో శాస్త్రజ్ఞునికి తెలియదు. మొదటి ఏడు ఈ రెండు తెలివితేటలు ఒకే గ్రామములో ఉండి కూడ ఒకదానినొకటి పలుకరించుకోలేదు. వాటి నడుమ నేను ఉన్నాను.

ఖమ్మము వైపునుండి వచ్చినవారు పునుకుల పేరు విని ఉంటారు. పాల్వంచ దగ్గరి గ్రామము, పత్తి పండించే ఊరు. మందు అమ్మేవాడే అప్పు ఇచ్చేవాడు కూడ గనుక పురుగు చావకపోయినను అప్పు మాత్రము పెరిగేది. 1999లో ఒక స్వచ్ఛంద సంస్థవారు వచ్చి మందు లేకుండ సేద్యము చేయుమన్నప్పుడు మొదట ఒకరిద్దరే ముందుకు వచ్చినారు. వేపగింజల కషాయము, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయము, లింగాకర్షక బుట్టలు, పక్షులు వాలుటకు పంగల కర్రలు, చేని అంచున ఆముదము, బంతి. వీటిలో కొన్ని పరిశోధన కేంద్రములనుండి వచ్చినవి, కొన్ని అమ్మమ్మల దగ్గరనుండి వచ్చినవి. ఒక రైతు చేను చూచి మరొక రైతు నమ్మినాడు. స్త్రీల సంఘములు పట్టుబట్టి భర్తలను ఒప్పించినవి. మందు కలిపే నీళ్ళు మోసినది, ఆ బట్టలు ఉతికినది వారే గదా! 2003–04 ప్రాంతమున పంచాయతీయే తమ ఊరు పురుగుమందులు లేని ఊరని తీర్మానించుకొన్నది. తరువాత ప్రభుత్వమే ఆ పద్ధతిని స్త్రీల సంఘముల ద్వారా అనేక గ్రామములకు తీసికొనిపోయినది. నీరు క్రిందినుండి పైకి ఎక్కినది!

ఇంకొక సంగతి చెప్పకుండ ఉండలేను. మనము దుకాణములో హెచ్.ఎమ్.టి. బియ్యమని అడిగి కొనుక్కొంటాము. అది ఏ కంపెనీ తీసినది కాదు. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రాగడే, ఎకరమున్నర భూమి, చదువు మూడవ తరగతి వరకు. 1983లో తన వరిలో వేరుగా కనబడిన మూడు వెన్నులను ఏరి, దాచి, ఏండ్ల తరబడి పెంచి ఆ రకమును తీసినాడు. చేతిగడియారము పేరు దానికి వచ్చినది. తరువాత ఒక విశ్వవిద్యాలయమువారు ఆ విత్తనము తీసికొని, శుద్ధిచేసి, ముందు తమ అక్షరములు తగిలించి విడుదల చేసినారు. ఆయనకు రావలసిన గుర్తింపు రాలేదు. 2005లో జాతీయ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆయనను సన్మానించినది గాని పేదరికము పోలేదు. 2018లో కన్నుమూసినాడు. ఆయన కూడ మన వాడలవంటి వాడలోనుండి వచ్చిన దళిత రైతే.

గనుక అడుగుట ఒకటే చాలదు. చెప్పినవాని పేరు వ్రాయవలెను. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము ప్రకారము రైతు తాను కాపాడిన రకమును తన పేరున నమోదు చేయించుకోవచ్చును, దానికి రుసుము లేదు. తన పంటనుండి విత్తనము దాచుకోవచ్చును, ఇచ్చిపుచ్చుకోవచ్చును, అమ్మవచ్చును. కంపెనీ పేరు ముద్రవేసి మాత్రము అమ్మరాదు. ఈ సంగతి మన సంఘములలో ఎందరికి తెలుసు?

'ఆత్మ' అనే ఏర్పాటు ఒకటి ఉన్నది. వ్యవసాయ సాంకేతిక యాజమాన్య సంస్థ అని దాని పూర్తి పేరు. 1998లో కొన్ని జిల్లాలలో ప్రయోగముగా మొదలై, 2005 తరువాత దేశమంతటికి వచ్చినది. మొదటిసారి అధికారి వచ్చి రేపు ఆత్మ సమావేశమున్నదని చెప్పగా, మా సంఘ పెద్దలలో ఒకాయన ఉజ్జీవ కూడికలనుకొని బైబిలు పట్టుకొని వెళ్ళినాడు. (అందరు నవ్వినారు గాని, బైబిలు తీసికొనిపోయినందుకు నష్టమేమియు కలుగలేదు.) ఆ ఏర్పాటులో రైతుల సలహా సంఘములుండవలెనని నియమమున్నది. వనరులలో కనీసము 30 శాతము స్త్రీ రైతులకు కేటాయించవలెనని ఉన్నది. తెలంగాణలో 5,000 ఎకరములకొకటి చొప్పున 2,601 రైతు వేదికలు కట్టినారు. కుర్చీలున్నవి, ఫ్యాన్లున్నవి. కూర్చునేదెవరు? నేను వెళ్ళిన సమావేశములలో పట్టాదారు పాసుపుస్తకమున్నవారే ఎక్కువ. కలుపు తీసే స్త్రీ, కౌలుకు తీసికొన్నవాడు, విత్తనము కుండలో దాచే అవ్వ ఆ పట్టీలో రైతులు కారు. మన సంఘస్థులలో ఎక్కువమంది వీరే.

నేను మిమ్మును కోరేది మూడు నాలుగు చిన్న పనులు. రైతు వేదికలో సమావేశమున్నదని తెలిసినప్పుడు పాస్టరుగారు ఆదివారము ప్రకటించవలెను. ఏమి పెట్టవలెనో చెప్పుటకు మాత్రము కాదు, ఎప్పుడు వెళ్ళవలెనో చెప్పుటకు. స్త్రీల మైత్రినుండి ఇద్దరైనను వెళ్ళవలెను, ఒక్కరుగా వెళితే మాట పెగలదు. కొత్త విత్తనము వచ్చినప్పుడు చేనంతా పెట్టక, నాలుగు సాళ్ళు అది, నాలుగు సాళ్ళు మీది పెట్టి చూడండి. పాతది కుండలో ఉంచండి. కోత పండుగకు తెచ్చిన గింజలో వేలము వేయకముందు ఒక దోసెడు తీసి, ఎవరిది, ఏ నేలలో పండినది వ్రాసి గుడిలో ఉంచవచ్చును. గత రెండేండ్లుగా మా పాస్టరేటులో ఉంచుచున్నాము. బాప్తిస్మపు రిజిష్టరు ప్రక్కనే ఆ పుస్తకమును ఉన్నది. ఎలుకల బాధ తప్ప మరే ఇబ్బంది లేదు.

సమయమైనదని బిషప్పుగారు గడియారము చూచుకొనుచున్నారు. ఒక్క ప్రకటనతో ముగించుచున్నాను. నేను చెప్పిన అవ్వ ఈ కూడికకు వచ్చినది. మూడవ వరుసలో, స్తంభము ప్రక్కన కూర్చున్నది. రెండు మూటలు తెచ్చినది, ఒకటి మారుతి, ఒకటి తన పాత కంది. భోజనముల తరువాత కావలసినవారికి గిద్దెడు గిద్దెడు ఇస్తానన్నది. అయితే ముందు మీ చేను ఏ నేలో ఆమె అడుగుతుంది. చెప్పిన తరువాతనే మూట విప్పుతుంది.